పట్టాలకు అటూ ఇటూ

ఆ వీధిలో కాపురం పెట్టాలన్నది అతని భార్య పట్టుదల. పెళ్ళయిన కొత్తలో ఇద్దరూ ఇళ్ళు చూస్తూ కాళ్ళరిగేలా తిరిగారు. ఆవిడ షరతు ఒక్కటే. "గదులు అగ్గిపెట్టెలంత ఉన్నా సర్దుకుంటాను. కిటికీ తీస్తే మనుషులు కనపడాలి." చివరికి మూడో అంతస్తులో రెండు గదుల వాటా దొరికింది. కిటికీ తీస్తే మనుషులతో పాటు ట్రామ్ తీగలు కూడా కనపడేవి, చెయ్యి చాస్తే అందుతాయా అన్నంత దగ్గరగా. కింద బండి వెళ్ళినప్పుడల్లా అలమారలో గాజుగ్లాసులు ఒకదాన్నొకటి ఒరుసుకుని గలగలమనేవి. "మీ ఆఫీసుని ఇంట్లోకే తెచ్చి పెట్టుకున్నాం" అని ఆవిడ నవ్వేది. అతను ట్రామ్ డ్రైవరు.

నగరం నడిబొడ్డున ఉన్న పాత వీధి అది. నడిమధ్య రెండు జతల పట్టాలు, వాటికి అటూ ఇటూ ఒకదానికొకటి ఆనుకుని నిలబడ్డ ఇళ్ళు. ఒక చివర నాటకశాల. దానికి నాలుగు గుమ్మాల అవతల లైబ్రరీ. నడవల కింద పాత పుస్తకాల వాళ్ళు, మేడల మీద బొమ్మలు వేసేవాళ్ళ గదులు, మూలమలుపులో బట్టలు కుట్టే దుకాణం, దాని పైన సంగీత పాఠశాల. మెట్లు దిగితే భూమి కింద రైలు. ఇంట్లోంచి చెప్పులేసుకుని బయటపడితే చాలు, నగరంలో ఏ మూలకైనా వెళ్ళి సాయంత్రానికి తిరిగి రావచ్చు. కారున్న మనిషి ఆ వీధిలో లేడు. ఉన్నా దాన్ని పెట్టుకునే చోటు లేదు.

భార్యకు నాటకశాలలో టికెట్ల కిటికీ దగ్గర ఉద్యోగం. ఆలస్యంగా వచ్చేవాళ్ళందరికీ టికెట్లిచ్చి, కిటికీ మూసి లోపలికి వెళ్ళేసరికి సగం ఆట అయిపోయి ఉండేది. అందుకని ఊళ్ళో ఆడిన ప్రతి నాటకం చివర ఏం జరుగుతుందో ఆవిడకు తెలుసు, మొదట ఏం జరిగిందో తెలీదు. డ్రైవరుది దీనికి తలకిందులు. మధ్యలో లేచి డ్యూటీకి పరిగెత్తాలి గనక మొదళ్ళు తెలుసు, చివర్లు తెలీవు. ఇంటికొచ్చాక టీ తాగుతూ ఒకరి సగం ఒకరికి చెప్పుకునేవాళ్ళు. ఇద్దరూ కలిస్తేనే ఒక నాటకం అయ్యేది.

సంగీత పాఠశాల దగ్గర మలుపులో గంట గట్టిగా కొట్టాలని కంపెనీ నియమం. పైన పిల్లలు పాడుకుంటుంటారని అతను రెండుసార్లు మెత్తగా కొట్టి వదిలేసేవాడు. దాంతో పిల్లలు అతనికి 'గంట బాబాయి' అని పేరు పెట్టారు. అది పెద్దవాళ్ళకీ అంటుకుంది. పాఠశాలలో వయొలిన్ నేర్పే ఫిడేలు మాస్టారు ఒకరోజు బండెక్కి, వయొలిన్ పెట్టె ఒళ్ళో పెట్టుకుని, ముందుసీట్లో కూర్చుని అన్నాడు:

"బాబాయ్, నీ గంట మా శ్రుతికి ఒక్క పిసరు తక్కువ. డిపోలో చెప్పి సరిచేయించవయ్యా."

"గంట మార్చడం కంటే మీ శ్రుతి మార్చుకోవడం తేలికండీ, మాది కంపెనీ వ్యవహారం" అన్నాడు డ్రైవరు. మాస్టారు దిగే స్టాపు దాటిపోయేదాకా నవ్వాడు.

మాస్టారి భార్యే పాటల టీచరు. పాఠశాలకు వెనకవైపున్న గదుల్లోనే భార్యాభర్తల కాపురం. డ్రైవరు కూతురు ఎనిమిదో ఏడు వచ్చినప్పటి నుంచీ ఆవిడ దగ్గర పాట నేర్చుకుంటోంది. గొంతు బాగుందని, సాధన మీదే పెద్దగా ధ్యాస లేదని టీచరు చెప్పేది. పిల్లనెప్పుడూ కసురుకునేది కాదు. ఒక్కో పదం పట్టుకుని కూర్చుని, అది సరిగా పలికేదాకా వదిలేది కాదు.

ఇలా సాగుతున్న రోజుల్లో, ఒక తుంపర పొద్దున, అతని బండి కింద పడి ఫిడేలు మాస్టారు చనిపోయాడు.

ఆ పొద్దున నాటకశాల లారీ ఒకటి పాఠశాల ముందు ఆగి ఉంది. కొత్త నాటకానికి కావలసిన రంగుల పలకలు దించుతున్నారు. తోట బొమ్మ ఉన్న పెద్ద పలకను లారీకి ఆనించి నిలబెట్టారు. ఆ పలక వెనక నుంచి మాస్టారు పట్టాల మీదికి వచ్చాడు. రెండంగల్లో దాటేసేవాడే. దాటలేదు, పట్టాల మధ్య ఆగిపోయాడు. డ్రైవరు గంట కొట్టాడు, చక్రాలకు పట్టు దొరకాలని పట్టాల మీద ఇసుక వదిలాడు, బ్రేకు పిడి చివరిదాకా లాగి పట్టుకున్నాడు. తడిసిన పట్టాల మీద చక్రాలు తిరగడం ఆగిపోయినా బండి మాత్రం ఆగలేదు, జారుతూనే పోయింది. అది ఆగేసరికి అంతా అయిపోయింది. వయొలిన్ పెట్టె ఎగిరి పేవ్‌మెంటు మీద పడింది. దానికి గీత కూడా పడలేదని తర్వాత జనం పదేపదే చెప్పుకున్నారు.

విచారణ జరిగింది. కంపెనీ అధికారులు, పోలీసులు అతన్ని కూర్చోబెట్టి అడిగిందే అడిగారు.

"ఆయన పట్టాల మీద ఎందుకు ఆగాడు?"

"తెలీదండీ."

"మీకు ఎదురుగా ఉన్నాడు కదా. ఏదైనా చూశారా? ఎవరైనా పిలిచారా?"

"తెలీదండీ. ఆగారు. అంతే."

వేగం ఎక్కువ కాదనీ, బ్రేకులు సకాలంలోనే పడ్డాయనీ, పట్టాలు తడిగా ఉండటమూ లారీ అడ్డం ఉండటమూ కారణమనీ తేల్చారు. డ్రైవరు తప్పేమీ లేదన్నారు. మళ్ళీ బండెక్కమన్నారు. డిపోలో తోటివాళ్ళు భుజం తట్టారు. అతను మెట్టు మీద కాలు పెట్టాడు, పిడి మీద చెయ్యి వేశాడు. చెయ్యి వణకడం మొదలుపెట్టింది. ఎడమచేత్తో అదిమి పట్టుకున్నా ఆగలేదు. దిగి వచ్చి సూపర్‌వైజరుతో, "ఇంకేదైనా పని ఉంటే ఇప్పించండి" అన్నాడు.

పట్టాలు శుభ్రం చేసే పని ఇచ్చారు. వీధిలో ట్రామ్ పట్టాలకు సన్నని గాడి ఉంటుంది, చక్రం అంచు అందులో నడుస్తుంది. ఆ గాడిలో మట్టి, రాళ్ళు, ఎండుటాకులు చేరితే బండి ఎగిరి పడుతుంది. పొడుగు కర్రకు బిగించిన ఇనపకొక్కెంతో ఆ గాడిని గీకుతూ నడవాలి. అతనికి పడ్డ వంతు అతని వీధే. వద్దనడానికి నోరు రాలేదు.

అలా అతను బండిలోంచి వీధిలోకి దిగాడు. ఇదివరకు అద్దం వెనక నుంచి చూసిన మొహాలు ఇప్పుడు ఎదురుపడసాగాయి. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. కుట్టుదుకాణం ఆయన టీకి పిలిచేవాడు, పుస్తకాల వాళ్ళు వాన వస్తే లోపలికి రమ్మనేవాళ్ళు. కానీ 'గంట బాబాయి' అని పిలవడం మాత్రం ఒక్కసారిగా అందరూ మానేశారు. ఆ పేరు ఎవరి నోటికీ రాలేదు.

అతను ఎవరికీ చెప్పని విషయం ఒకటుంది. భార్యకు కూడా చెప్పలేదు. మాస్టారు ఎందుకు ఆగాడో అతనికి తెలుసు.

డ్రైవరు కూర్చునే చోటు ఎత్తుగా ఉంటుంది. ముందు అద్దంలోంచి అతనికి ఆ క్షణాన రెండూ కనపడ్డాయి: కింద పట్టాల మీద మాస్టారు, లారీకీ రంగుల పలకకీ పైన పాఠశాల కిటికీ. కిటికీలో టీచరు ఉంది. చేతిలో గొడుగుంది. నోరు తెరిచి పిలుస్తోంది. ఆ పిలుపు విని మాస్టారు ఆగాడు. ఆగి వెనక్కి తిరిగి చూశాడు. టీచరుకు అడ్డంగా పలక ఉంది, ఆవిడకు భర్త కనపడే వీల్లేదు. ఆయన ఆగాడని ఆవిడకు అప్పుడూ తెలియదు, తర్వాతా తెలియదనుకున్నాడు. చూసినవాడు లోకంలో అతనొక్కడే.

తన పిలుపే భర్తను చంపిందని తెలిస్తే ఆ మనిషి ఎలా బతుకుతుంది? అందుకే 'తెలీదండీ' అన్నాడు. అన్న మాటకు కట్టుబడి ఉండిపోయాడు.

"ఇక్కణ్ణించి వెళ్ళిపోదాం" అన్నాడు ఒకరోజు భార్యతో. "నాకు ఊపిరి ఆడటం లేదు. గుమ్మం దిగితే ఆ మలుపు. కిటికీ తీస్తే ఆ మలుపు."

ఆవిడ వాదించలేదు. సెలవు చూసుకుని ముగ్గురూ నగరం చివర ఒక ఇల్లు చూడ్డానికి వెళ్ళారు. భూమి కింద రైలు, తర్వాత బస్సు, ఆ తర్వాత నడక. ఇల్లు బాగుంది. మూడు గదులు, వెనకాల ఖాళీ జాగా, నీళ్ళకు ఇబ్బంది లేదు. చుట్టూ ఎత్తు గోడలు. ఆ గోడల వెనక ఎవరున్నారో, అసలు ఉన్నారో లేదో తెలియలేదు. ఇంటాయన అడిగాడు: "కారుందిగా?" లేదన్నారు. "అయితే కొంచెం కష్టమే" అన్నాడాయన, పాపం మంచిగానే.

"ఇక్కడ లైబ్రరీ ఎక్కడమ్మా?" అంది కూతురు.

భార్య గుమ్మం మెట్టు మీద కూర్చుంది. గోడల వైపు చూస్తూ అంది: "ఇక్కడైతే మీరెవరికీ కనపడరు, నిజమే. మీకూ ఎవరూ కనపడరు. అప్పుడిక మీ కళ్ళ ముందు ఉండేది అదొక్కటే. అక్కడ కనీసం ఎవరో ఒకరు అడ్డం వస్తుంటారు."

బస్సు కోసం నిలబడి నిలబడి కాళ్ళు పీకాయి. మళ్ళీ తమ వీధిలో దిగి, జనం మధ్య నడుస్తుంటే అతని ఒళ్ళు కాస్త తేలికపడింది. అందుకు సిగ్గుపడ్డాడు కూడా. ఇల్లు మారే మాట మళ్ళీ ఎత్తలేదు.

కూతురు పాటకు వెళ్ళడం మానేసింది. ఎవరూ వద్దనలేదు, తనంతట తనే మానేసింది. ఒకరోజు లైబ్రరీలో టీచరు ఎదురైంది.

"రావడం మానేశావేం?"

పిల్ల తల దించుకుంది. "మా నాన్న..." అని ఆగిపోయింది.

"మీ నాన్నకా నేను పాఠం చెప్పేది? సోమవారం రా. గొంతు పాడుచేసుకోకు."

ఈ సంగతి ఇంట్లో చెప్పినప్పుడు డ్రైవరు అన్నం ముందు కూర్చుని ఉన్నాడు. లేచి వెళ్ళి చెయ్యి కడుక్కున్నాడు. భార్య, "వెళ్ళనివ్వండి. ఆవిడకు లేని పట్టింపు మనకెందుకు?" అంది. పిల్ల వెళ్ళింది. అతను గాడి గీకుతూ మలుపు దగ్గరికొచ్చేసరికి పైనుంచి కూతురి గొంతు వినపడేది. దాని వెనకే టీచరు గొంతు, అదే పదం మళ్ళీ. అతను అక్కడ ఆగకుండా వెళ్ళిపోయేవాడు.

ఏళ్ళు గడిచాయి. వీధిలోకి కొత్తవాళ్ళు వచ్చారు, రకరకాల భాషల వాళ్ళు. అతన్ని పట్టాలు గీకే మనిషిగానే ఎరుగుదురు వాళ్ళు. కూతురు పెద్దదైంది. నాటకశాల పైకప్పు బాగుచేశారు. టీచరు జుట్టు నెరిసింది.

ఆవిడ గురించి అతనొక విషయం గమనించాడు. ఆవిడ పట్టాలు దాటదు. బేకరీ అవతలివైపు, మందుల షాపు అవతలివైపు, లైబ్రరీ అవతలివైపు. ఏది కావాలన్నా ఆవిడ వీధి చివరిదాకా నడిచి, కాలివంతెన మెట్లెక్కి, అటు దిగి, మళ్ళీ వెనక్కి నడిచి వచ్చేది. ఎదురుగా కనపడే బేకరీకి అంత చుట్టు. ట్రామ్ ఎక్కడం సంగతి సరేసరి. ఎంత దూరమైనా నడకే, లేదంటే భూమి కింద రైలు. మొదట్లో చకచకా నడిచేది. తర్వాత్తర్వాత వంతెన మెట్ల దగ్గర రెయిలింగు పట్టుకుని ఆగి, మోకాలు రుద్దుకుని ఎక్కేది. చేతిలో రొట్టె ఉన్న సంచీ. అతను చూసేవాడు. వెళ్ళి సంచీ అందుకోవాలనిపించేది. ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలో తెలిసేది కాదు. కొక్కెం గాడిలో పెట్టి గీకేవాడు, అక్కడ మట్టి లేకపోయినా.

ఒక శీతాకాలం కాలివంతెన మూసేశారు. మెట్లు శిథిలమయ్యాయని రెండువైపులా రేకులు అడ్డం పెట్టి మరమ్మతు మొదలుపెట్టారు. మర్నాడు పొద్దున అతను పాఠశాల ముందు పని చేసుకుంటుంటే టీచరు కిందికొచ్చింది. వంతెన వైపు కొంతదూరం నడిచింది, రేకులు చూసింది, వెనక్కి వచ్చింది. పేవ్‌మెంటు అంచున నిలబడింది. ఒక కాలు కిందికి దించింది. మళ్ళీ పైకి తీసేసుకుంది. ట్రామ్ ఒకటి వచ్చి వెళ్ళింది. వీధి రెండువైపులా ఖాళీ. పిల్లలు కూడా పరిగెత్తుకుంటూ దాటేస్తున్నారు. ఆవిడ మాత్రం కదల్లేదు. చలికాలంలో నుదుటి మీద చెమట.

అతను మొహం తిప్పుకుని వెళ్ళిపోదామనుకున్నాడు.

"ఏమండీ" అంది టీచరు.

చుట్టూ చూశాడు. ఎవరూ లేరు.

"మిమ్మల్నే, బాబూ. కాస్త ఇలా రండి."

వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. ఇన్నేళ్ళలో ఇంత దగ్గరగా ఆవిడ మొహం చూడటం అదే మొదలు.

"నన్ను అవతలికి దాటించండి."

"నేనా, టీచరుగారూ?" అతను కుట్టుదుకాణం వైపు చూశాడు. "ఇంకెవరినైనా పిలుస్తానుండండి. కుట్టుదుకాణం ఆయన..."

"ఆయనకి ట్రామ్ ఎంత దూరంలో ఉంటే ఎంతలో ఆగుతుందో ఏం తెలుసు? మీకు తెలుసు. మీరు ఇప్పుడు దాటొచ్చంటే నాకు నమ్మకం."

అతను కొక్కెం కర్రను స్తంభానికి ఆనించాడు. రెండువైపులా చూశాడు. దూరంగా నాటకశాల దగ్గర బండి ఒకటి స్టాపులో ఆగి ఉంది. "అది బయల్దేరి వచ్చేలోపు మనం రెండుసార్లు దాటొచ్చు. రండి" అన్నాడు. ఆవిడ అతని మోచేయి పట్టుకుంది. పట్టుకోవడం కాదు, గోళ్ళు దిగబడేలా బిగించింది. మొదటి పట్టా, రెండోది, మధ్య జాగా, మూడోది, నాలుగోది. అవతలి పేవ్‌మెంటు ఎక్కాక గానీ ఆవిడ కళ్ళు తెరవలేదు. కళ్ళు మూసుకుని నడిచిందని అప్పుడు తెలిసింది అతనికి.

బేకరీ పని అయ్యాక మళ్ళీ ఇటు దాటించాడు. మర్నాడు కూడా. ఆ మర్నాడు కూడా. మాటలేమీ ఉండేవి కావు. "ఇప్పుడు రండి" అని అతను, "సరే" అని ఆవిడ. దాటించడమైపోగానే అతను కొక్కెం దగ్గరికి వెళ్ళిపోయేవాడు.

కొన్నాళ్ళకు, ఒక మధ్యాహ్నం, ఆవిడ అతని మోచేయి వదల్లేదు. స్టాపులో బెంచీ వైపు నడిచి కూర్చుంది. పక్కన చోటు చూపించింది. అతను కూర్చోలేదు.

"విచారణ కాగితాలు నేను చదివాను" అంది. "ఎందుకు ఆగారో తెలీదని రాయించారు మీరు. కుట్టుదుకాణం వాళ్ళనడిగాను. లారీ వాళ్ళనడిగాను. ఎవరూ చూళ్ళేదన్నారు. మిమ్మల్ని అడగడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. నిజంగా మీకు తెలీదా?"

అబద్ధం సిద్ధంగా నాలిక మీదే ఉంది. ఇన్నేళ్ళుగా అరిగిపోయిన మాట. కానీ ఆవిడ అతని కళ్ళలోకి చూస్తోంది. రోజూ తన మాట నమ్మి కళ్ళు మూసుకుని పట్టాల మీద నడిచిన మనిషి.

"తెలుసండీ" అన్నాడు.

"చెప్పండి."

"మీరు పిలిచారు. కిటికీలోంచి. చేతిలో గొడుగుంది. ఆయన విన్నారు. విని ఆగారు."

ఆవిడ చేతుల్లో సంచీ నలిగింది. "విన్నారా?"

"విన్నారండీ. వెనక్కి తిరిగి పైకి చూశారు. మధ్యలో ఆ పలక ఉంది కాబట్టి మీకు కనపడలేదు. నాకు కనపడ్డారు."

"మొహం కనపడిందా?"

"పక్కనుంచి. నవ్వారు." మళ్ళీ చెప్పాడు. "నవ్వారండీ. ఏదో అన్నారు కూడా. పెదాలు కదిలాయి. నాకు అద్దాలు అడ్డం, ఏమన్నారో వినపడలేదు."

టీచరు పట్టాల వైపే చూస్తూ కూర్చుంది. బండి వచ్చి ఆగింది, మనుషులు దిగారు, ఎక్కారు, బండి వెళ్ళిపోయింది.

"ముందురోజు నుంచీ మాకు మాటల్లేవు" అంది. "కారణం చెబితే నవ్వుతారు. కిటికీ రెక్క వేయలేదని నేను సణిగాను, ఆయన విసుక్కున్నారు. అంతే. పొద్దున టీ కూడా ఎవరిది వాళ్ళం పెట్టుకున్నాం. ఆయన వెళ్ళిపోయాక చూస్తే వాన, గోడకి గొడుగు. తడిస్తే తడవనీ అనుకున్నాను. మళ్ళీ మనసొప్పలేదు. వెళ్ళి పిలిచాను. పిలుపంటే పిలుపా? 'గొడుగు!' అని అరిచాను, అంతే. ఆ అరుపు ఆయనకి చేరిందో లేదో నాకు తెలీదు. నా మీద కోపంతోనే వెళ్ళిపోయారేమో అని..." సంచీ ఒళ్ళోకి లాక్కుంది.

"ఏమన్నారో నాకు తెలుసు" అంది. కళ్ళ నిండా నీళ్ళు, పెదాల మీద ఏదో నవ్వులాంటిది. "'ఇప్పటికి నోరొచ్చిందా' అని ఉంటారు. అదే అంటారు ఎప్పుడూ."

అతను నిలబడే ఉన్నాడు. "మీరు బాధపడతారని చెప్పలేదు, టీచరుగారూ. మీ పిలుపు వల్లే అనుకుంటారని."

ఆవిడ మొహం మారిపోయింది. "ఆ సంగతి నాకు తెలీదనుకున్నారా? పిలిచిన మరుక్షణం బ్రేకుల చప్పుడు విన్నదాన్ని. నా వల్లే ఆగి ఉంటారని ఆ రోజే అనుకున్నాను. నాకు తెలీనిది ఆ నవ్వొక్కటే. అది మీ దగ్గర పెట్టుకున్నారు. ఎన్నేళ్ళు, బాబూ? ఎన్నేళ్ళు పెట్టుకున్నారు?"

లేచి, ఎటో ఒకవైపు, గోడవారగా నడుచుకుంటూ వెళ్ళిపోయింది. పట్టాలెలా దాటిందో అతనికి తెలీదు. ఆ తర్వాత ఆవిడ పేవ్‌మెంటు అంచుకు రాలేదు. రొట్టె ఎవరో విద్యార్థిని తెచ్చిపెడుతోందని కూతురు చెప్పింది.

ఆ సాయంత్రమే భార్యకు జరిగిందంతా చెప్పాడు. ఆవిడ చేతిలో పని ఆపి విన్నది.

"నాకు కూడా చెప్పలేదే" అంది చివరికి. "ఇంత బరువు కడుపులో పెట్టుకుని నా పక్కనే తిరిగారా?"

"ఆవిడ కోసమే అనుకున్నాను."

"ఆవిడ కోసమే. కాదన్నదెవరు?" పని మళ్ళీ అందుకుంటూ, "మనుషులు ఏది మోయగలరో మనమే నిర్ణయించేస్తాం" అంది. మర్నాడు పనికి వెళ్ళే ముందు, ఎప్పుడూ లేనిది, అతనితో పాటు మలుపుదాకా నడిచింది.

ఎన్నాళ్ళకో, వంతెన మరమ్మతు ఇంకా సాగుతుండగానే, టీచరు మళ్ళీ వచ్చి అంచున నిలబడింది. "పదండి" అంది, ఏమీ జరగనట్టు. అతను కర్ర పక్కన పెట్టి వచ్చాడు. దాటాక ఆవిడే అడిగింది:

"మిమ్మల్నెవరూ తప్పు పట్టలేదు కదా. మరి బండి ఎందుకు మానేశారు?"

"పట్టి ఉంటే బాగుండేదండీ" అన్నాడు అతను. "శిక్ష వేసుంటే ఎప్పుడో ఒకప్పుడు అయిపోయేది."

ఆవిడ తల ఊపింది. "నేనూ పట్టలేదు" అంది. "పట్టాలని చూశాను. కుదరలేదు. మీ పిల్ల సోమవారం సోమవారం వచ్చి ఎదురుగా కూర్చునేది కదా. అచ్చం మీ మొహమే."

వంతెన మళ్ళీ తెరిచారు గానీ టీచరు దానివైపు వెళ్ళలేదు. మొదట అతని మోచేయి పట్టుకుని, తర్వాత అతను పక్కన ఉంటే చాలని, ఆపైన అతను దూరం నుంచి చెయ్యి ఊపితే చూసుకుని దాటేది. వీధిలో వాళ్ళు అది చూశారు. దాని గురించి ఎవరూ ఏమీ అనలేదు. అన్నీ చెవిన వేసుకునే ఆ వీధి కొన్నింటిని మాత్రం చూసీ చూడనట్టు వదిలేస్తుంది.

ఆ ఏడాది వసంతంలో కూతురి మొదటి కచేరీ. నదికి అవతల ఒక చిన్న హాలులో. భార్య నాటకశాల నుంచి తిన్నగా అక్కడికి వస్తానంది. ఆవిడ దారి వేరు. ఆ హాలు దగ్గర భూమి కింద రైలు ఆగదు. ట్రామ్ తిన్నగా వెళ్తుంది, ఇంటి ముందు ఎక్కితే హాలు ముందు దింపుతుంది. నడిచి వెళ్దామంటే టీచరు మోకాలు నది మీది వంతెన దాకా కూడా రాదు.

సాయంత్రం ఎండ ఇంకా ఉంది. ఇద్దరూ స్టాపులో నిలబడ్డారు. ఆవిడ మంచి చీర కట్టుకుంది. అతను ఉతికిన చొక్కా వేసుకున్నాడు. అతను కూడా ఆ రోజు నుంచీ ట్రామ్ ఎక్కలేదని ఆవిడకు తెలుసో లేదో, అడగలేదు. బండి వచ్చింది. తలుపు తెరుచుకుంది. దిగేవాళ్ళు దిగారు. ఎక్కేవాళ్ళు వీళ్ళ కోసం ఆగారు. ఎవరు ముందు ఎక్కుతారన్నట్టు ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఎక్కుతారా, అమ్మా?" అని అడిగింది లోపల నుంచి డ్రైవరు. కొత్తమ్మాయి, నల్లటోపీ పెట్టుకుంది.

"ఎక్కుతాం" అని టీచరు కడ్డీ పట్టుకుంది. ఆవిడ వెనకే అతను.

లోపల జనం బాగానే ఉన్నారు. ఎవరో లేచి ఆవిడకు చోటిచ్చారు. పక్కది కూడా ఖాళీ అయితే అతను కూర్చున్నాడు. బండి కదిలింది. లైబ్రరీ వెళ్ళిపోయింది, పుస్తకాల నడవలు వెళ్ళిపోయాయి. మలుపు వస్తోందని అతను చూడకుండానే ఒంటికి తెలిసింది. కుడికాలు దానంతట అదే ముందుకు వెళ్ళి నేలను అదిమింది. పిక్క రాయిలా బిగుసుకుంది. ముందున్న డ్రైవరమ్మాయి మెల్లగా బండి తిప్పింది, స్టాపులో ఆపింది, మళ్ళీ కదిలించింది. అతని కాలు మాత్రం ఇంకా అదిమే ఉంది.

టీచరు వంగి అతని బూటు వైపు చూసింది.

"ఆవిడ నడుపుతోందిగా" అంది మెల్లగా. "మీరు కూర్చోండి."

అతను కాలు వెనక్కి తీసుకున్నాడు. బండి నది మీది వంతెనెక్కింది. కింద నీళ్ళు సాయంత్రపు రంగులో ఉన్నాయి. టీచరు కిటికీ వైపు తిరిగి, ఆ రోజు తన శిష్యురాలు పాడబోయే మొదటి పాటను లోలోపల అనుకుంటూ, పెదాలు కదుపుతూ కూర్చుంది.